ఎదురింటి ముందు రోజూ ఆకులు, కవర్లు కలిపి తగలబెడుతున్నారు. ఆపించడానికి రూల్ ఏమైనా ఉందా?

బాదంచెట్టు వీధి:

నమస్కారమండీ. మాది విజయవాడకి దగ్గర్లో ఒక మున్సిపాలిటీ. మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాం. ఎదురుగా ఖాళీ స్థలం, దాన్ని ఆనుకుని సొంత ఇల్లు కట్టుకున్న పెద్దాయన ఉంటారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు, బాబాయ్ గారు అని పిలుస్తాం. చాలా మంచి మనిషి, మా పాప పుట్టేటప్పుడు రాత్రి రెండింటికి కారు తీసి ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆయనే. అందుకే ఈ విషయం ఎలా కదపాలో తెలియక నెల రోజులుగా నలిగిపోతున్నాను.

ఆయన గేటు ముందు పెద్ద బాదం చెట్టుంది. డిసెంబరు మొదలైన దగ్గర్నుంచి ఆకు ఎర్రబడి రాలుతూనే ఉంది. పొద్దున ఆరింటికల్లా ఆయనే ఊడ్చి, ఖాళీ స్థలంలో కుప్పేసి నిప్పు పెడతారు. ఒట్టి ఆకులైతే ఒకలా ఉండేదేమో, అందులో పాల ప్యాకెట్లు, బిస్కెట్ రేపర్లు, గాలికి కొట్టుకొచ్చిన క్యారీ బ్యాగులు అన్నీ ఉంటాయి. ఒకరోజు పాత రబ్బరు చెప్పులు కూడా చూశాను. మంట లేచేది ఐదు నిమిషాలే, ఆ తర్వాత తొమ్మిదింటి దాకా పొగ. మంచుకి తడిసిన ఆకులు కదా, లోపల్లోపల రాజుకుంటూ ఉంటాయి. ఆ పొగ పైకి పోదు. మా బాల్కనీ ఎత్తుకి వచ్చి అక్కడే నిలబడిపోతుంది.

మా మావయ్య గారికి 71 ఏళ్ళు, ఎప్పటినుంచో ఆయాసం. మామూలుగా ఇన్‌హేలర్ రోజుకి రెండుసార్లు తీసుకుంటారు, ఈ నెలలో అది ఐదారు సార్లయింది. మొన్న గురువారం నెబ్యులైజర్ పెట్టించాల్సి వచ్చింది. తలుపులు, కిటికీలు మూసి, తలుపు కింద సందులో తడి టవల్ కుక్కుతున్నాను, అయినా ఇంట్లో కాలిన ప్లాస్టిక్ వాసనే. దండెం మీద బట్టలకి నల్లటి నుసి పడుతోంది, దులిపితే పోదు, ముట్టుకుంటే మరకవుతుంది. పాప తెల్ల యూనిఫాం రెండుసార్లు మళ్ళీ ఉతికాను.

మా ఆయన ఒకసారి మెల్లగా చెప్పారు. "ఆకులే కదరా, దోమలు కూడా పోతాయి" అన్నారట బాబాయ్ గారు. వీధి చివర రోడ్లూడ్చేవాళ్ళు కూడా అదే పని చేస్తుంటే ఆయన్నొక్కణ్ణీ ఏమనగలం? ఫోన్‌లో గాలి నాణ్యత చూస్తే "సంతృప్తికరం" అని పచ్చగా చూపిస్తోంది. అది చూపించి మా ఆడపడుచు, మీరు ఎక్కువ ఊహించుకుంటున్నారు వదినా అంటోంది.

దీనికి నిజంగా చట్టం ఉందా? ఉంటే ఎవరికి చెప్పాలి? గొడవ లేకుండా అయ్యే దారేదైనా ఉంటే ముందు అదే చెప్పండి. పైగా భోగి కూడా దగ్గరకొచ్చింది, వీధి పిల్లలు అప్పుడే టైర్లు పోగేస్తున్నారు.

గోదారి గట్టు:

అమ్మా, మీ మావయ్య గారి పరిస్థితి చదివి బాధేసింది. కానీ ఒక మాట చెప్పాలి. మా ఊళ్ళో మా నాన్నా, తాతా అందరూ ఆకులు కాల్చినవాళ్ళే. ఆ బూడిద కొబ్బరి చెట్ల మొదట్లో వేసేవాళ్ళం, సాయంత్రం పశువుల పాక దగ్గర వేపాకు పొగ పెట్టేవాళ్ళం. ప్రతిదానికీ కేసు, ఫైను అంటూ పోతే ఇరుగుపొరుగు అనే మాటే మిగలదు. రాత్రి రెండింటికి కారు తీసిన మనిషి మీద కంప్లయింట్ పెట్టొద్దు. మీరే ఎదురుగా కూర్చుని చెప్పండి. మీ ఆయన నిలబడి అన్న మాట వేరు, కోడలిగా మీరు వెళ్ళి మా మావయ్యకి ఊపిరి ఆడట్లేదు బాబాయ్ గారూ అంటే అది వేరు.

శానిటేషన్ రిటైర్డ్:

నేను మున్సిపల్ శానిటేషన్‌లో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ముందు చట్టం సంగతి, తర్వాత అసలు సంగతి చెప్తాను.

చట్టం ఉందమ్మా, స్పష్టంగానే ఉంది. ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చూడండి. ఎవరైనా సరే, తమ చెత్తని తమ ఆవరణ బయట వీధిలోగానీ, బహిరంగ స్థలంలోగానీ, కాలవలోగానీ పారెయ్యకూడదు, కాల్చకూడదు, పూడ్చకూడదు. ఆ నిబంధనల్లోనే చాలామంది పట్టించుకోని మాట ఇంకోటుంది. తోట చెత్త, అంటే ఆకులూ కొమ్మలూ, వేరుగా తమ ఆవరణలోనే ఉంచుకుని స్థానిక సంస్థ చెప్పినట్టు ఇవ్వాలి. కాబట్టి "ఆకులే కదా" అన్నది చెల్లదు, ఆకుల గురించి విడిగా రాసే ఉంది.

దీనికి తోడు జాతీయ హరిత ట్రిబ్యునల్, మనం ఎన్జీటీ అంటాం, చెత్త నిర్వహణ మీద అల్మిత్రా పటేల్ గారు వేసిన కేసులో 2016 డిసెంబరు 22న ఉత్తర్వు ఇచ్చింది. బహిరంగంగా చెత్త కాల్చడం దేశమంతా నిషేధం, డంపింగ్ యార్డుల్లో కూడా. మామూలుగా కాల్చినవాళ్ళకి 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాల్చినవాళ్ళకి 25,000 జరిమానా. కొందరు "నా కాంపౌండ్‌లో నేను కాల్చుకుంటా, రూల్ బయటకే కదా" అని వాదిస్తారు. ఎన్జీటీ ఉత్తర్వు ముందు ఆ వాదన నిలవదు. మీ విషయంలో ఆ తర్కమే అక్కర్లేదు, ఖాళీ స్థలం ఆయనది కాదు.

ఎవరికి చెప్పాలంటే, మీ వార్డు సచివాలయంలో శానిటేషన్, ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ ఉంటారు. నోటితో చెప్పి వచ్చెయ్యకండి. తేదీ, టైము కనపడేలా నాలుగైదు రోజుల ఫొటోలతో కాగితం రాసిచ్చి, దాని మీద అందినట్టు సంతకం తీసుకోండి. మున్సిపల్ ఫిర్యాదులు తీసుకునే పురమిత్ర యాప్‌లోనూ పెట్టొచ్చు. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్ళండి. అన్నిటికంటే చివరిది భారతీయ న్యాయ సంహిత 280వ సెక్షన్, గాలిని ఆరోగ్యానికి హానికరంగా చేస్తే వెయ్యి రూపాయల దాకా జరిమానా. ఇరుగుపొరుగు మధ్య అంతదాకా పోకండి.

ఇక అసలు సంగతి. నేను సర్వీసులో చాలామందికి జరిమానా రాశాను. ఒక్కడు కూడా దానివల్ల మారలేదు, పొద్దున కాల్చేవాడు రాత్రి పదింటికి కాల్చడం మొదలుపెట్టాడు, అంతే తేడా. మా ఊడ్చేవాళ్ళు ఎందుకు కాల్చేవారో కూడా చెప్పాలి, ఎందుకంటే జనం వాళ్ళనే తిడతారు. ఎండాకు చూడ్డానికి తేలికేగానీ చోటు తింటుంది. రెండు బాదం చెట్ల కింద ఊడిస్తే తోపుడు బండి నిండిపోతుంది. ఆ బండిని మెయిన్ రోడ్డు మీద డంపర్ బిన్ దాకా తోసుకెళ్ళి రావడానికి అరగంట. ఒక్కొక్కరికీ ఊడవాల్సిన వీధులు చాలా ఉంటాయి, మేస్త్రీ ఎనిమిదింటికి వచ్చి రోడ్డు శుభ్రంగా ఉందా లేదా చూస్తాడు తప్ప ఆకు ఎటు పోయిందో అడగడు. అగ్గిపుల్ల గీస్తే పని అయిపోతుంది, ఆ పొగ ముందు పీల్చేది కూడా ఆ అమ్మాయిలే. ఆకు పోవడానికి ఒక చోటు చూపిస్తే సగం మంటలు వాటంతటవే ఆగుతాయి. నేను చేసిన ఒక వార్డులో ఖాళీ సిమెంటు సంచులు పంచి, వారానికి రెండుసార్లు ట్రాక్టర్ పంపించాం, ఆ చలికాలమంతా ఆ వార్డులో నాకు పొగ కనపడలేదు.

భోగి గురించి అడిగారు. ఎన్జీటీ ఉత్తర్వు చెత్త కాల్చడం మీద. పిడకలు, ఎండు కట్టెలు చెత్త కాదు. అందులో టైరు వేసినా, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ వేసినా చెత్త కాల్చినట్టే. పిల్లలకి ఇప్పుడే పిడకల దండలు అప్పజెప్పండి, టైర్ల మీద నుంచి ధ్యాస పోతుంది.

ఛాతీ వార్డు నర్సు:

అక్కా, మీరు ఊహించుకోవట్లేదు. మీ ఆడపడుచుకి ఈ సంగతి చెప్పండి. ఆ యాప్‌లో కనపడేది 24 గంటల సగటు మీద కట్టిన లెక్క, అదీ మీ ఇంటికి ఎన్నో కిలోమీటర్ల దూరంలో ఉన్న యంత్రం కొలిచింది. మీ వీధిలో ఆరు నుంచి తొమ్మిది దాకా నిలబడిన పొగ దానికి కనపడదు. ఆ మూడు గంటలే మీ మావయ్య గారికి లెక్క.

పొగలో పీఎం 2.5 అని సన్నటి కణాలుంటాయి, వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు. ముక్కులో, గొంతులో ఆగవు, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతాయి. మన దేశ ప్రమాణం ప్రకారం 24 గంటల సగటు ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని 15కి పెట్టింది. మంటగా మండేదానికంటే రాజుకునేది ఎక్కువ పొగ ఇస్తుంది, సరిగ్గా కాలదు కాబట్టి. తడి బాదం ఆకు అచ్చం అదే రకం. దాంట్లో ప్లాస్టిక్ పడితే ఇంకా ఘోరం, ముఖ్యంగా పీవీసీ ముక్కలు, పైపులు, వైర్ల తొడుగులు కాలితే డయాక్సిన్లు అనే విష పదార్థాలు వస్తాయి. అవి ఒంట్లో కొవ్వులో చేరి ఏళ్ళ తరబడి ఉండిపోతాయి.

చలికాలం పొద్దున్నే కాలుస్తున్నారన్నారు కదా, రోజులో అంతకంటే చెడ్డ టైము లేదు. రాత్రంతా నేల చల్లబడి కింద గాలి చల్లగా, పైన గాలి వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చటి గాలి గిన్నె మీద మూతలా పనిచేస్తుంది, పొగ పైకి లేవదు. మీ బాల్కనీ ఎత్తులో ఆగిపోవడానికి కారణం అదే. ఎండెక్కాక గానీ ఆ మూత తొలగదు. మా వార్డులో డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున పది లోపు వచ్చే ఆయాసం కేసులు చూసి చూసి ఈ మాట చెప్తున్నాను.

దోమల గురించి కూడా. పొగ ఉన్నంతసేపు దోమ పక్కకి పోతుంది, చావదు, పొగ తగ్గగానే వచ్చేస్తుంది. కొబ్బరి చిప్పల్లో, పూల కుండీ పళ్ళాల్లో నీళ్ళు పారబోస్తే ఉపయోగం.

అప్పటిదాకా మావయ్య గారిని వీధి వైపు గదిలో కాకుండా వెనక గదిలో పడుకోబెట్టండి. గుడ్డ మాస్క్ పొగని ఆపదు, ఎన్ 95 కావాలి, అది కూడా ఆయాసం ఉన్నప్పుడు పెట్టొద్దు, ఊపిరి ఇంకా బరువవుతుంది. ఇన్‌హేలర్ ఇన్నిసార్లు అవసరమవుతోందంటే డాక్టర్‌కి చూపించాల్సిందే, పొగ ఆగేదాకా ఆగకండి.

మిద్దెతోట:

బాదం ఆకులు తగలబెడుతున్నారా! మా మిద్దెతోటల గ్రూపులో ఎండాకు కోసం కొట్టుకుంటున్నామండీ. మీ బాబాయ్ గారికి ఇలా చెప్పండి. కోళ్ళకి కట్టే ఇనుప జాలీ తెచ్చి మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గుండ్రంగా కట్టి నిలబెట్టాలి. ఊడ్చిన ఆకు అందులో వేసుకుంటూ పోవడమే. అడుగు మందం పడ్డాక పేడ నీళ్ళు గానీ పుల్ల మజ్జిగ నీళ్ళు గానీ చల్లాలి. పిడికిట్లో పట్టి పిండితే చెమ్మ తగలాలి, నీళ్ళు కారకూడదు. బాదం ఆకు మందం కాబట్టి కాళ్ళతో తొక్కి విరిస్తే తొందరగా కుళ్ళుతుంది. ఐదారు నెలలకి నల్లటి ఎరువు, వానలు పడిన మన్ను వాసన వస్తుంది. వేసిన ఆకు కుళ్ళేకొద్దీ కిందికి దిగుతూ ఉంటుంది, జాలీ అంత తొందరగా నిండదు. ఒక్కటే షరతు, ప్లాస్టిక్ ముక్క పడకూడదు.

బాథెల్ నుంచి:

మేము అమెరికాలో సియాటిల్ పక్కన బాథెల్‌లో ఉంటాం. ఇక్కడి రూల్స్ చెప్తాను, పోల్చుకోవడానికి పనికొస్తుంది. మా దగ్గర పట్టణ ప్రాంతాల్లో ఇంటి ఆకులు, కొమ్మలు బయట కాల్చడం పూర్తిగా నిషేధం. చెత్త కాల్చడం రాష్ట్రమంతా నిషేధం. పొగ మీద ఫిర్యాదులు తీసుకోవడానికి నాలుగు కౌంటీలకి, అంటే మన జిల్లాల్లాంటివి, కలిపి ప్యూజెట్ సౌండ్ క్లీన్ ఎయిర్ ఏజెన్సీ అని ఉంది. కానీ ఆ నిషేధం నడుస్తున్నది జరిమానా భయంతో ఒక్కటే కాదు, ఆకులకి వేరే బిన్ ఇచ్చి బండి వచ్చి పట్టుకెళ్తుంది కాబట్టి. పైన రిటైర్డ్ గారు చెప్పింది అక్షరాలా నిజం.

సరదాగా వేసుకునే చిన్న మంటకి అనుమతి ఉంది, మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు దాటకూడదు, ఎండు కట్టెలు గానీ బొగ్గు గానీ తప్ప ఇంకేదీ వెయ్యకూడదు. మా భోగి మంట ఆ కొలతల్లోనే. మా అత్తగారు మొదటి ఏడాది చూసి ఇదేం భోగి, కుంపటిలా ఉంది అన్నారు. గాలి కదలని రోజుల్లో బర్న్ బ్యాన్ ప్రకటిస్తారు, అప్పుడు ఆ చిన్న మంట కూడా కుదరదు. ఒక ఏడు సరిగ్గా భోగి నాడు అదే జరిగింది. పెరట్లో నలుగురు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, రేగుపళ్ళు దొరక్క చెర్రీలు, పూలరేకులు, చిల్లర కలిపి భోగిపళ్ళు పోసి, వాకిట్లో దీపాలు పెట్టాం. మా చిన్నవాడికి గుర్తున్న భోగి అదే.

బాదంచెట్టు వీధి:

అందరికీ ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. పది రోజులైంది, ఏం జరిగిందో రాస్తున్నాను.

గోదారి గట్టు గారు చెప్పినట్టు ఆదివారం నేనే వెళ్ళాను. రూల్ ఊసెత్తలేదు. మా మావయ్య గారికి బాగోలేదు, మీరొకసారి వచ్చి పలకరిస్తే సంతోషిస్తారు అన్నాను. ఆయన వెంటనే చొక్కా వేసుకుని బయల్దేరారు. మేము మెట్లెక్కేసరికి మావయ్య గారు నెబ్యులైజర్ మాస్క్ పెట్టుకుని ఉన్నారు, ఆ మిషన్ గుర్రుమంటోంది. బాబాయ్ గారు మంచం పక్క స్టూలు మీద కూర్చుని పావుగంట ఏమీ మాట్లాడలేదు. తర్వాత బాల్కనీలోకి వచ్చి దండెం మీద దుప్పటి వేలితో రాసి చూసుకున్నారు. "ఇదంతా నా చెట్టుదేనా అమ్మా?" అన్నారు. నాకు గొంతు పెగల్లేదు, తలూపాను.

మర్నాటి నుంచి ఆయన నిప్పు పెట్టలేదు. మా ఆయన జాలీ తెచ్చారు, ఇద్దరూ కలిసి స్థలం ఓనరుకి ఫోన్ చేసి అడిగి ఒక మూల కట్టారు. ప్లాస్టిక్ ఏరడానికి ఆయన ఊచ ఒకటి పట్టుకుని తిరుగుతున్నారు, ఏరినవన్నీ ఒక బియ్యం సంచిలో పెట్టి చెత్త బండికి ఇస్తున్నారు.

వీధి చివర మంట మాత్రం ఆగలేదు. ఊడ్చే అమ్మాయిని అడిగితే "బండిలో చోటు లేదమ్మా, మేం మాత్రం ఏం చేస్తాం" అంది. అచ్చంగా రిటైర్డ్ గారు రాసిన మాటే. అందుకే ఆమె పేరు ఎక్కడా రాకుండా, ఆకులకి వేరే బండి కావాలని రాసి, ఏడు ఇళ్ళ వాళ్ళ సంతకాలతో సచివాలయంలో ఇచ్చాను, అందినట్టు సంతకం తీసుకున్నాను. మొదటి సంతకం బాబాయ్ గారిదే. వచ్చే సోమవారం దాకా చూసి కలెక్టరేట్‌కి వెళ్తాం.

మావయ్య గారిని డాక్టర్‌కి చూపించాం, మందు మార్చారు. నిన్న ఇన్‌హేలర్ మూడుసార్లు. టైర్లు రెండు ఇంకా పిల్లల దగ్గరే ఉన్నాయి, పిడకలు చెయ్యడం నేర్పించే పని మా అత్తగారు తీసుకున్నారు.

మిద్దెతోట గారూ, ఒక్క సందేహం. ఆ ఆకుల్లో పాములు చేరతాయని, ఇంటికి చెద పడుతుందని బాబాయ్ గారి భార్య భయపడుతున్నారు. ఏం చెప్పమంటారు?

మిద్దెతోట:

చెద ఎక్కువగా కట్టె ఉన్నచోట పట్టుకుంటుందండీ, కొమ్మలు ఏరేస్తే ఆ భయం తగ్గుతుంది. జాలీ మాత్రం గోడకి ఆనించొద్దు, మూడు నాలుగడుగులు ఎడం ఉంచండి. పాము చేరేది ఎలకల కోసం, కాబట్టి వంటింటి మిగుళ్ళు, అన్నం అందులో వెయ్యొద్దు, ఆకు ఒక్కటే. చుట్టూ గడ్డి కోయించండి. కలిపేటప్పుడు చెయ్యి పెట్టకుండా కర్రతో ముందు ఒకసారి కదిలించమనండి. ఎరువు తయారయ్యాక రెండు బస్తాలు నాకు ఉంచండి, నేనే వచ్చి పట్టుకెళ్తాను.